పాల క్యానులో రొయ్యలు

పట్టపగలు గట్టు పక్కకి వచ్చి తిరిగే రొయ్య మంచి రొయ్య కాదు. పాలకొల్లులో బట్టల కొట్టు వాళ్లింట పుట్టి, మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువున్న ఇంటికి కోడలిగా వెళ్లిన నాకు మా అత్తగారు నేర్పిన మొదటి సంగతి అది. రొయ్య ఆరోగ్యంగా ఉన్నంతకాలం అడుగునే ఉంటుంది. మన కంటికి కనపడదు. కనపడకపోవడమే క్షేమం. సరుకుని ఎదుట పరిచి, వేళ్లతో నలిపి చూస్తేగానీ నమ్మని ఇంట్లో పెరిగినదాన్ని. కనపడని సరుకు మీద ఇంటిల్లిపాదీ బతకడం నాకెప్పటికీ అలవాటు కాలేదు.

ఆ ఉదయం మా ఆయన మేత చల్లడానికి వెళ్లి, మేత బేసిను నిండుగానే తిరిగి తెచ్చి వసారాలో పెట్టాడు. కాళ్లు కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. పాదాలు తుడుచుకుంటూ, "పిల్లలకి కాస్త జలుబు చేసినట్టుంది" అన్నాడు.

మాకప్పటికి పిల్లల్లేరు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. అప్పట్లో మా వైపు ఎవరూ చెరువుకి తెగులొచ్చిందని నోటితో అనేవారు కాదు. వైట్‌స్పాట్ వైరస్ ఒక భయమైతే, అది వచ్చిందన్న మాట బయటికి పోవడం రెండో భయం. మాట పొక్కితే మేత కొట్టువాడు మొహం చాటేస్తాడు. కొనుగోలు ఏజెంటు రేటు విరగ్గొడతాడు. పక్క చెరువు వాళ్లు మన గట్టు తొక్కరు, మనల్ని వాళ్ల గట్టు తొక్కనివ్వరు. అందుకని రొయ్యలు పిల్లలయ్యేవి, తెగులు జలుబయ్యేది. ఇంట్లో నలుగురమే ఉన్నా, తలుపులు వేసున్నా అలాగే మాట్లాడుకునేవాళ్లం, గోడలు కూడా ఏజెంట్లే అన్నట్టు.

ఆ తెగులుకి మందు లేదు. వచ్చిందంటే మూడు నాలుగు రోజుల్లో చెరువు అడుగున చచ్చిన రొయ్యలు తెల్లగా పరుచుకుంటాయి. చేయగలిగింది ఒక్కటే, చచ్చేలోపు వల వేసి పట్టేయడం. బతికుండగా పట్టిన రొయ్య అమ్ముడుపోతుంది, తిన్న మనిషికి ఏమీ కాదు, ఆ వైరస్ మనుషుల జోలికి రాదు. చచ్చిన రొయ్య మాత్రం గద్దలకే. చిక్కల్లా ఏంటంటే, తెగులు వచ్చిందో లేదో ఖాయంగా తెలిసేసరికి పట్టడానికి ఏమీ మిగలదు. తెలియకముందే పట్టేద్దామంటే, ఇంకో నెల పెంచితే బొద్దుగా తూగే రొయ్యని చేజేతులా చిన్నగా తెగనమ్ముకున్నట్టు. ఎండ దెబ్బకి గట్టు పక్కకి వచ్చిన రొయ్యని చూసి హడలిపోయి చెరువు పట్టేసినవాడి కథ మా ఊళ్లో చాలా ఏళ్లు చెప్పుకున్నారు. ఆయన టీ కొట్టు దగ్గరికి రావడం మానేశాడు.

కిందటి పంటకి మేము ల్యాబు రిపోర్టు కోసం ఆగాం. రిపోర్టు వచ్చింది, రొయ్యలు పోయాయి. ఆ తరవాత వేసవంతా మా ఆయన ఇంట్లో మాట్లాడలేదు. అడిగితే తల ఊపేవాడు. మా అన్నయ్య పాపం మంచిబుద్ధితోనే, బావ వచ్చి మన కొట్లో కూర్చుంటే బాగుంటుంది కదా, మనిషి తోడుగా ఉన్నట్టూ ఉంటుంది అని కబురు పెట్టాడు. మీటరు బద్ద పట్టుకుని, కౌంటరు వెనకాల నిలబడి, "ఇంకో రంగు చూపించమంటారాండి" అంటున్న మా ఆయన్ని ఊహించుకుంటే నాకే నవ్వొచ్చేది. ఆయనకి ఊపిరాడేది కాదు. ఆ కబురు వచ్చాక ఆయన మా పుట్టింటి గుమ్మం తొక్కలేదు. ఈ పంట కూడా పోతే ఇక వేరే దారి లేదని ఇద్దరికీ తెలుసు. రొయ్యలు పోతాయన్న భయం కంటే, ఆ కౌంటరు వెనకాల ఆయన మొహం ఎలా ఉంటుందోనన్న భయమే నాకు ఎక్కువ.

పాలకొల్లు బస్టాండు దగ్గర రొయ్యల ల్యాబు ఒకటి ఉండేది. శాంపిలు ఇస్తే మర్నాటికి రిపోర్టు ఇచ్చేవారు. ఆ నెలలో అక్కడికి యూనివర్సిటీ నుంచి పరిశోధన చేసే అమ్మాయి ఒకామె వచ్చిందనీ, వెలుగు పంపించి చూసే మిషను తెచ్చిందనీ, రొయ్య రక్తం ఒక్క చుక్క వేస్తే కూర్చున్నంతలోనే చెప్పేస్తోందనీ, డబ్బులు కూడా తీసుకోవట్లేదనీ మా అన్నయ్య ఫోనులో చెప్పాడు. ఊరికే ఇస్తున్నారంటే మా ఇంట్లో ముందు అనుమానపడతాం. కానీ ఆ ఉదయానికి అనుమానపడే తీరిక లేదు.

ఆడమనిషి పుట్టింటికి వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు కాబట్టి నేనే బయల్దేరాను. మా ఆయన వల విసిరి చురుగ్గా ఉన్న రొయ్యల్ని ఏరబోతుంటే ఆపాను. మచ్చు చూపించేవాడు ఎప్పుడూ మంచిదే పైకి తీస్తాడు, అది అమ్మేవాడి అలవాటు. మనం ఇప్పుడు అమ్మడం లేదు. గట్టు పక్కన మబ్బుగా తిరుగుతున్నవి కొన్ని, లోపలివి కొన్ని, చెరువు నీళ్లతో సహా మూత ఉన్న స్టీలు పాల క్యానులో వేసి, పైన గుడ్డ కట్టాను.

బస్సులో పక్క సీటు ఆవిడ మా ఊరావిడే. ఏంటండీ క్యానులో అంటే, అమ్మకి పాలండీ అన్నాను. నరసాపురం దాటేదాకా బాగానే ఉంది. ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది. దాంతోపాటు క్యానులో రొయ్య కూడా ఎగిరి మూతకి టక్కుమని కొట్టుకుంది. ఆవిడ క్యాను వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. మళ్లీ టక్కుమంది.

"పాలు బాగా చిక్కగా ఉన్నట్టున్నాయండీ" అంది ఆవిడ.

ఆ మాట ఆవిడ ఊరికి తిరిగి వెళ్లాక ఎవరితో ఎలా చెబుతుందో అనుకుంటూ, ఒళ్లో క్యానుని రెండు చేతులతో అదిమిపట్టుకుని కూర్చున్నాను. అలా అదిమితే వాటికి ఊపిరాడదేమోనని మళ్లీ వదులు చేశాను. వదిలితే టక్కుమనేది. పాలకొల్లు అంత దూరం అని అంతకు ముందెప్పుడూ అనిపించలేదు.

ల్యాబులో శాంపిలు తీసుకునేటప్పుడు చెరువు ఎవరిదో పేరు అడుగుతారు. సొంత పేరు చెప్పే రైతు ఆ రోజుల్లో ఒకడున్నాడని నేననుకోను. వరండాలో మేత కంపెనీల వాళ్లు, ఏజెంట్ల మనుషులు ఊరికే టీ తాగుతూ నిలబడి ఉంటారు. ఫలానావారు శాంపిలు తెచ్చారన్న మాట బస్సుకంటే ముందు ఊరు చేరుతుంది. అందుకని చచ్చిపోయిన తాతల పేర్లు, వేరే జిల్లాలో ఉన్న అల్లుళ్ల పేర్లు చెబుతారు. మా ఆయన నాకు ఆయన మేనమామ పేరు చెప్పమని పంపాడు. ఆయనకి చెరువే లేదు. కౌంటరు ముందుకి వచ్చాక నేను తెలివి ఉపయోగించాను. చెరువు లేనివాడి పేరు ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. చెరువున్నవాడిదే చెప్పాలి. పుకారంటూ పుడితే ఎవరి మీద పుట్టినా మనకి ఫరవాలేదో వాళ్లది చెప్పాలి. పక్క చెరువు బావగారి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాను. ఆయన మా ఆయన పెదనాన్న కొడుకు. రెండు చెరువులకీ మధ్య ఒకటే గట్టు. ఏటా ఆ గట్టు ఎటు జరుగుతోందన్న దాని మీద రెండిళ్లకీ మాటలు తక్కువ.

మర్నాటి రిపోర్టుకి డబ్బు కట్టాక, వెలుగు మిషను పరీక్ష కూడా కావాలంటే లోపల గదిలో కూర్చోండి, పిలుస్తాం అన్నాడు కౌంటరు మనిషి. అక్కడే ఉంది తిరకాసు. అంతకు ముందు ఎవరైనా శాంపిలు ఇచ్చేసి తలొంచుకుని వెళ్లిపోయేవారు. మర్నాడు ఎవరో ఒకర్ని పంపి తెలుసుకునేవారు. ఇప్పుడు వెంటనే చెప్పే పరీక్ష వచ్చేసరికి, వెంటనే తెలుసుకోవాలనుకున్న వాళ్లందరం ఒకే గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవలసి వచ్చింది. చూసుకోవడం ఎక్కడ, అందరం ఫ్యాను వంకే చూస్తున్నాం. ఒకాయన పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు. మూల బెంచీ మీద ఒకావిడ కొంగు నిండా కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను.

లోపల్నుంచి మనిషి వచ్చి పేరు పిలిచాడు. అది మా ఆయన పేరు.

నేను సగం లేచాను. లేచాక గుర్తొచ్చింది, ఇవాళ నేను ఆ పేరుగల మనిషి పెళ్లాన్ని కాదని. అలా లేవనూ లేక, కూర్చోనూ లేక వంగిన నడుముతో ఉండగా, మూల బెంచీ మీద కొంగు కప్పుకున్నావిడ లేచి, "ఇక్కడున్నామండీ" అంది. కొంగు జారింది. పక్క చెరువు బావగారి భార్య. వరస చొప్పున నేను అక్కా అని పిలవవలసిన మనిషి.

ఆవిడ నన్ను చూసింది. నేను ఆవిణ్ణి చూశాను. ఆవిడ మా ఆయన పేరు మోసుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి బయటికి వచ్చింది, వచ్చి వెళ్లిపోకుండా మళ్లీ అదే బెంచీ మీద కూర్చుంది. ఇప్పుడు మొహం గోడవైపు తిప్పుకోలేదు, నా వైపే పెట్టింది. ఆ తరవాత పిలిచిన పేరు బావగారిది. నేను లేవక తప్పలేదు. నా జన్మలో అంత బరువుగా ఎప్పుడూ లేవలేదు. లోపలికి నడుస్తుంటే వెనకనుంచి ఆవిడ దగ్గు వినపడింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

లోపల గదిలో నాకంటే చిన్నదే, తెల్లకోటు అమ్మాయి. బల్ల మీద కుట్టు మిషనంత పెట్టె, పక్కన కంప్యూటరు. కూర్చోండి అంది. నేను డాక్టరు గదిలో కూర్చున్నట్టు కుర్చీ అంచు మీద కూర్చున్నాను. మీ చెరువులో మేత ఎప్పట్నుంచి తగ్గింది అని అడిగింది. తగ్గలేదండీ అనబోయి, అలవాటుగా వచ్చిన ఆ అబద్ధం మింగి, ఈ ఉదయం నుంచే అన్నాను. శాంపిలు ఒకసారి చూశాననీ, మీ ముందే మళ్లీ చూస్తాననీ అంది.

మబ్బుగా ఉన్న రొయ్యని తీసి, కాలు మొదట్లో సన్నటి సూదితో రక్తం లాగింది. రొయ్య రక్తం ఎర్రగా ఉండదు. నీళ్లలాగే ఉంటుంది, కాస్త నీలం ఛాయ. పెట్టె మీద ఉంగరంలో రాయిలాంటి మెరిసే బిళ్ల ఒకటుంది. దాని మీద ఒక్క చుక్క వేసి, ఆరేదాకా ఆగింది. ఆరడానికి పట్టిన ఆ కాస్త సేపులో నాకు ఊరుకోవడం చేతకాక, ఇదెలా తెలుస్తుందమ్మా అని అడిగాను. కంటికి కనపడని వెలుగు ఒకటుంటుందండీ, దాన్ని ఈ చుక్కలోకి పంపిస్తాం అంది. రక్తంలో ఉన్న ఒక్కొక్క పదార్థం ఆ వెలుగులో తనకి కావలసిన వాటా మింగేసి, మిగతాది వదిలేస్తుందట. ఏది ఎంత మింగిందో ఈ పెట్టె గీత గీసి చూపిస్తుంది. జబ్బు వచ్చిన రొయ్య రక్తంలో ఆ మింగుడు మారుతుంది.

అర్థం కాలేదేమోనని ఆ అమ్మాయి నా వంక చూసింది. నాకు అర్థమైంది. అది నాకు పుట్టుకతో తెలిసిన సంగతి. మా కొట్లో ట్యూబులైట్ల కింద ఆకుపచ్చగా కనపడిన చీర బయటికి వెళ్తే నీలమని తేలేది. తెలివైన బేరం వాళ్లు చీర పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఎండలో చూసుకునేవారు. చిన్నప్పుడు వాళ్ల వెనక గుమ్మం దాకా నడవడం నా ఉద్యోగం, చీరతో మెట్లు దిగకుండా. బట్ట మనకి చూపించే రంగు అది మింగకుండా వదిలిన వెలుగేనని అప్పుడు తెలియదు గానీ, వెలుగు మారితే సరుకు నిజం చెబుతుందని తెలుసు. ఈ అమ్మాయి కూడా రక్తాన్ని గుమ్మం దాకా తీసుకెళ్తోంది, అంతే అనుకున్నాను.

తెర మీద గీత వచ్చింది. కొండలూ గుంటలూగా ఉంది. పక్కనే బాగున్న రొయ్య గీత పెట్టి చూపించింది. నా కంటికి రెండూ ఒకలాగే ఉన్నాయి. ఆ అమ్మాయి పెన్సిలు మొనతో ఒకచోట చూపించింది. అక్కడ ఒక గుట్ట, ఉండవలసినంత ఎత్తు లేదు. దాని పక్కది కాస్త పక్కకి ఒరిగింది. రామచిలక ఆకుపచ్చకీ అరిటాకు ఆకుపచ్చకీ తేడా ఏంటో తెలియని మగవాళ్లని చూసి మా కొట్లో నవ్వుకునేదాన్ని. ఆ ఉసురు తగిలింది.

"ఉన్నట్టుందండి" అంది. వెంటనే, "కానీ నా మాట మీద చెరువు పట్టేయకండి" అని కూడా అంది. తాను వైరస్‌ని చూడటం లేదట, అది వచ్చాక రక్తంలో వచ్చే తేడాని చూస్తోందట. వేరే జబ్బుకీ, ఒక్కోసారి ఎండ దెబ్బకీ కూడా ఇలాంటి తేడా రావచ్చట. మిషనుకి ఇంకా నేర్పిస్తున్నానంది. రేపటి ల్యాబు రిపోర్టే ఖాయమంది.

నూటికి ఎన్ని పాళ్లు నమ్మొచ్చమ్మా అని బేరంలోకి దింపాను. చెప్పలేదు. పోనీ మీ సొంత చెరువైతే ఏం చేస్తారు అన్నాను. మాకు చెరువు లేదండీ అంది. ఇంకో రొయ్య మీద చూడమన్నాను, డబ్బిస్తానన్నాను. డబ్బు వద్దని, చూసింది. అదే గుట్ట, అదే లోటు. చెరువు లోపలిది, చురుగ్గా ఉన్నది తీయమన్నాను. దానికి కూడా, కాస్త తక్కువగా, అదే. ఆ అమ్మాయి ప్రతిసారీ తన సరుకులో లోపాలే ముందు చెబుతోంది. మా నాన్న అనేవారు, తానులో పోగు తెగిన చోటు మనం చూడకముందే వేలు పెట్టి చూపించే వ్యాపారి దగ్గర కళ్లు మూసుకుని కొనొచ్చని. అలాంటివాడు తనకి ఒక్కడే దొరికాడనీ, వాడు దివాలా తీశాడనీ కూడా అనేవారు.

బయటికి వచ్చేసరికి అక్క మెట్ల కింద నిలబడి ఉంది.

"మా ఆయన పేరు మీద ఏం చెప్పారు?" అంది.

"జలుబన్నారు" అన్నాను.

ఆవిడ మొహం తెల్లబోయింది. భర్త పేరుకి రోగం అంటగడితే ఎవరికైనా గుండె జారుతుంది. ఒక్క క్షణానికి తేరుకుంది, అది మా చెరువు జలుబని గుర్తొచ్చి.

"మరి మా ఆయన పేరు మీద?" అని నేనడిగాను.

"మీ ఆయన సలక్షణంగా ఉన్నాడట."

నేను కూడా ఒక్క క్షణం సంతోషించాను. ఆ తరవాత గుర్తొచ్చింది.

మీ ఆయన మేత బేసిను వెనక్కి తీసుకుపోవడం చూసి మా ఇంట్లో అన్నాలు తినలేదనీ, అందుకే ముందు బస్సుకి వచ్చాననీ అక్క చెప్పింది. పేర్ల సంగతి ఇద్దరం ఎత్తలేదు, ఎత్తితే ఇద్దరికీ చుట్టుకుంటుంది. నేరుగా నీళ్ల దగ్గరికి వచ్చింది. చెరువు పట్టేటప్పుడు తూము ఎత్తి, నీళ్లు కాలవలోకి వదిలి, తూము దగ్గర వల కట్టడం అందరూ చేసే పద్ధతి. అదే కాలవలోంచి వాళ్ల మోటారు నీళ్లు తోడుతుంది.

"తూము ఎత్తకూడదు" అంది.

"ఎత్తకపోతే మూడో వంతు రొయ్యలు చెరువులోనే ఉండిపోతాయి అక్కా."

"అయితే ఏజెంటుకి నేనే చెబుతాను, జలుబు ఎవరికో."

"చెప్పక్కా. లోపల బావగారి పేరు మీదే ఉంది."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎంత సముద్రం ఒడ్డుకొచ్చినా నీ కొట్టు బుద్ధి పోలేదే" అంది. తిట్టుగానే అంది గానీ, అందులో కొంచెం మెచ్చుకోలు కూడా ఉందని నాకనిపించింది, అనిపించేలా నేనే అనుకున్నానేమో. తరవాత బేరం సాగింది. నేను తూము ఎత్తను. నీళ్లు చెరువులోనే ఆపి, బ్లీచింగు కొట్టి, వాటిలో ప్రాణం లేదని తేలాకే వదులుతాం. బదులుగా వాళ్ల మనుషుల్నీ, లాగుడు వలల్నీ పంపాలి, ఏజెంటు దగ్గర నోరు మెదపకూడదు. ఆవిడ అన్నిటికీ ఒప్పుకుని, చివర్లో ఒకటి కలిపింది. నేను లోపలికి వెళ్లి వాళ్లాయన పేరు కొట్టేయించి, మా ఆయన పేరు రాయించాలి. మరి మీరు రాయించిన మా ఆయన పేరో అంటే, అది బాగున్న పేరు కదా, ఉంటే నీకేం నష్టం అంది. పాలకొల్లు బజారులో పుట్టినదాన్ని, ఆ మెట్ల మీద ఓడిపోయాను. వెళ్లి కౌంటరు మనిషి చెవిలో చెప్పినంత మెల్లగా పేరు మార్పించి వచ్చాను. అతను ఆశ్చర్యపోలేదు. రోజూ ఉండేదేననుకుంటాను.

ల్యాబు పక్కనున్న ఎస్టీడీ బూతు నుంచి మా ఆయనకి ఫోను చేశాను.

"ఉందంటోందా?"

"ఉన్నట్టుందంటోంది."

"ఉన్నట్టుందంటే?"

"మిషను ఇంకా నేర్చుకుంటోందట. రేపటి రిపోర్టే ఖాయమంటోంది."

"నేర్చుకునేది మన చెరువు మీదా?"

నా దగ్గర ఉన్నదల్లా ఒకే ఒక మాట. ఒక వానాకాలం మా కొట్టు పైకప్పు కారి తానులు తడిశాయి. నాన్న ఆ సాయంత్రమే అయినకాడికి అమ్మేశారు. ఎదురు కొట్టు వాళ్లు ఆరబెట్టి మంచి ధరకి అమ్ముదామని ఆగారు, మర్నాటికి అవి ముక్కిపోయిన వాసన.

"తడిసిన తాను తడిసిన రోజే అమ్మేయాలండి" అన్నాను.

"ఇది మీ నాన్న కొట్టు కాదు" అన్నాడు. బూతులో బిల్లు మీటరు మీద ఎర్ర అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. వాటి వంక చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. చివరికి, "తెల్లారగానే పట్టేద్దాం. ఐసు బండికి చెబుతాను" అన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే వలలు దిగాయి. తూము ఎత్తలేదు. బావగారి మనుషులు మా చెరువులో మెడలోతు నీళ్లలో వల లాగుతుంటే గట్టు మీద జనం ఇదేం విడ్డూరమన్నట్టు చూశారు. ఏజెంటు వచ్చి, ఇంత తొందరేంటండీ, ఇంకా ఎదగాలి కదా అన్నాడు. ఇంట్లో శుభకార్యం ఉందని మా ఆయన చెప్పాడు. ఆయనకి అబద్ధం ఆడటం రాదు, శుభకార్యం అన్న మాట కర్మకాండ అన్నట్టు పలికాడు. ఏజెంటు ఒక రొయ్యని తీసి, తల మీద పెంకు ఊడదీసి, ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. తెగులు ముదిరితే ఆ పెంకులో తెల్లచుక్కలు కనపడతాయి. అతను పెంకుని అటూ ఇటూ తిప్పుతున్నంతసేపూ నేను ఐసు బండిలో పెట్టెలు లెక్కపెట్టాను. చుక్కలు లేవు. అయినా ఇంకో రొయ్య తీశాడు.

అవతలి గట్టు మీంచి అక్క, "మా చెరువు కూడా పట్టేద్దామనుకుంటున్నామండీ, మీరిచ్చే రేటు చూసి" అంది. అది మా బేరంలో లేదు. ఏజెంటు పెంకు పారేసి రేటు చెప్పాడు. నేను ఆశపడినంత కాదు, భయపడినంత తక్కువా కాదు.

బండి వెళ్లిపోయాక చెరువు నిండుగా, ఖాళీగా ఉంది. పట్టుబడి అయిన చెరువు అడుగు బురద కనపడాలి. ఇది నీళ్లతో అలాగే మెరుస్తోంది, లోపల ఏమీ జరగనట్టు. మా ఆయన గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.

"లేదని వస్తే?" అన్నాడు.

నేను అంతవరకు ఆ సంగతే ఆలోచించలేదు. తెగులు ఉందేమోనని రోజంతా వణికినదాన్ని, ఇప్పుడు లేదేమోనని వణకడం మొదలుపెట్టాను. లేదని వస్తే, బంగారంలాంటి పంటని ఒక పెట్టె గీసిన గీత చూసి, పెళ్లాం మాట విని తెగనమ్ముకున్న మనిషి అవుతాడు ఆయన. టీ కొట్టు దగ్గరికి వెళ్లలేడు. మా అన్నయ్య కొట్లో మీటరు బద్ద ఎదురుచూస్తూ ఉంటుంది. చెరువులో మిగిలిపోయినవి చచ్చి తేలి, వాటి మీదికి కాకులు వాలతాయేమోనని ఆకాశం వంక చూశాను. ఒక్కటీ లేదు. ఒక్క కాకి వచ్చినా బాగుండుననిపించింది.

రిపోర్టు కోసం మళ్లీ నేనే బయల్దేరాను. ఈసారి చేతిలో క్యాను లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాలకొల్లులో దిగేముందు కిటికీలోంచి క్షీరారామం గోపురం కనపడింది. చిన్నప్పుడు పరీక్షలకీ, పెద్దయ్యాక పెళ్లికీ ఆ గోపురం చూసే మొక్కుకున్నాను. చెంపలు వేసుకుని, స్వామీ, మా రొయ్యలకి వైరస్ ఉండేలా చూడు అన్నాను. అన్నాక నా మాట నాకే వినపడి, చుట్టూ చూశాను. ఇలాంటి మొక్కు ఆయన ఎన్నడైనా విని ఉంటాడా అనుకున్నాను. ఇంతలోనే, ఉన్నట్టయితే కొబ్బరికాయ, లేదంటే లేదు అని బేరం కూడా పెట్టాను.

గదిలో నిన్నటివాళ్లే కొందరు ఉన్నారు, ఫ్యాను వంకే చూస్తున్నారు. కౌంటరు మనిషి నా రసీదు నంబరు చూసి మా ఆయన పేరు పిలిచాడు. ఈసారి నిలువునా లేచాను. అతను గొంతు తగ్గించి, ఇలాంటి కబురు చెప్పేటప్పుడు వాళ్లు పెట్టుకునే మొహం పెట్టుకుని, "ఉందండీ" అన్నాడు.

"అమ్మయ్య" అన్నాను.

నేను సరిగ్గా వినలేదనుకుని అతను మళ్లీ చెప్పాడు. లోపల్నుంచి తెల్లకోటు అమ్మాయి తలుపు దాకా వచ్చింది. నిన్న మీకు చెప్పినప్పట్నుంచీ నాకూ నిద్ర లేదండీ అంది. పట్టేశాం అన్నాను. అంతా దొరికిందా అంది. చాలావరకు అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది, నేనూ నవ్వాను. పేపరు పట్టుకున్నాయన, వైరస్ ఉందని తెలిసి నవ్వుకుంటున్న మా ఇద్దరి వంకా చూసి, తన క్యానుని కాస్త పక్కకి జరుపుకున్నాడు.

బూతు నుంచి ఫోను చేశాను. ఉంది అన్నాను. అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. అన్నయ్య కొట్టు అక్కడికి నాలుగడుగులే, వెళ్లి రానా అని అడిగాను.

"వద్దు" అన్నాడు. ఆ వెంటనే, "వస్తూ వస్తూ సున్నం బస్తాలు చెప్పి రా. నీళ్లు వదిలేశాక చెరువు ఎండగట్టి సున్నం కొట్టాలి" అన్నాడు. చెరువుకి సున్నం కొట్టేది మళ్లీ రొయ్య పిల్ల వదలడానికే.

సున్నం కొట్టు దగ్గర ఆ రోజు బేరమాడలేదని రాసుకుంటే బాగుండును. ఆడాను. తరవాత కొబ్బరికాయ దగ్గర కూడా ఆడాను.